జోడీ మగ్గం: మూరెడు మిగిలిన జంపఖానా

కిందటి వారం మనం కథను మగ్గం గుంటలో వదిలేసి వచ్చాం. నవనీత చేతిలోంచి పంజా జారి ఆ గుంటలోనే పడింది. పంజా అంటే ఇనుప వేళ్లున్న దువ్వెన లాంటిది. జంపఖానా నేసేవాళ్లు పేక పోగును దానితోనే కొట్టి కొట్టి బిగిస్తారు. వరంగల్ కొత్తవాడలో పుట్టిన పసిపిల్లలు కూడా పంజాను కింద పడేయరు. ముప్పై నాలుగేళ్ల నవనీత పడేసింది. పడేసి దవడ పట్టుకుంది. నుదుటి మీద చెమటలు పట్టి, పక్కనే కూర్చున్న అత్తగారి వైపు తెల్లబోయి చూసింది. లింగమ్మ ఏమైందని కూడా అడగలేదు. కోడలి రెక్క పట్టి లేపి, కొంగు నడుముకు చెక్కి, వీధిలోకి వెళ్లి ఆటో ఆపింది.

ఆ మగ్గం మీద ఉన్నది మామూలు జంపఖానా కాదని పాత పాఠకులకు తెలుసు. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్లకు ఒక్క మాట. నలభై ఏళ్లుగా లింగమ్మ నేసినవన్నీ మొగుడు కైలాసం పేరు మీదే బయటికి వెళ్లాయి. నేత కార్డు ఆయనది, ఎగ్జిబిషన్లలో ఫొటో ఆయనది, శాలువా కప్పించుకున్న భుజాలూ ఆయనవే. ఈసారి హైదరాబాదు చేనేత పోటీకి మాత్రం లింగమ్మ పేరు వెళ్లింది, జోడీగా నవనీత పేరు. అంత వెడల్పు జంపఖానాకు ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి, ఒకే దరువు మీద కొట్టాలి. మొదలుపెట్టిన జోడీయే ముగించాలి. మధ్యలో చెయ్యి మారితే గుడ్డ మీద గీత గీసినట్టు కనబడిపోతుంది, పోటీవాళ్లూ దాన్ని ఒప్పుకోరు. ఎల్లుండికి జంపఖానా హైదరాబాదులో ఉండాలి. ఇంకా మూరెడు నేత మిగిలి ఉంది.

ఆటో హనుమకొండలో ఒక ఆసుపత్రి ముందు ఆగింది. ఈసీజీ తీశారు, రక్తం తీశారు. నొప్పి తగ్గింది గానీ నవనీత ముఖంలో రంగు తిరిగి రాలేదు. ఇప్పుడు అత్తాకోడళ్లిద్దరూ డాక్టర్ గ్రేస్ గదిలో ఉన్నారు.

గ్రేస్ నర్సంపేట అమ్మాయి. పెద్ద చదువులు చదివి వచ్చాక కూడా మాటను ఇస్త్రీ చేసుకోలేదు. రోగి ఎలా మాట్లాడితే తనూ అలాగే మాట్లాడుతుంది. అందుకే ఆమె గది బయట బెంచీ ఎప్పుడూ ఖాళీ ఉండదు.

"మేడం, గ్యాసే గదా?" అంది నవనీత. ఆ ఒక్క ముక్క వినిపిస్తే చాలు, లేచి వెళ్లి మగ్గం గుంటలో కాళ్లు పెట్టేసేటట్టుంది.

"ఈసీజీల నాకు పెద్ద తేడా కనపడ్తలేదు. అట్లని గ్యాసని రాసియ్య," అంది గ్రేస్. "నెల నెలా సక్కగ వస్తదా నీకు?"

నవనీతకు నవ్వొచ్చింది. "దవడ నొప్పికి దానికి ఏం సంబంధం మేడం?"

"ఉన్నది. చెప్పు."

చెప్పింది. పెళ్లయిన కొత్తలో మూడేసి నెలలకు గానీ నెలసరి వచ్చేది కాదు. ఒళ్లు పెరిగింది, గడ్డం కింద వెంట్రుకలు వచ్చాయి. పార్లర్‌లో దారంతో తీయించుకుని, ఎవరికీ కనబడకుండా కొంగు కప్పుకుని ఇంటికి వచ్చేది. పీసీఓఎస్ అన్నారు. పిల్లలు పుట్టడం కష్టమన్నారు. ఆ తర్వాత ఇంట్లో అందరూ కలిసి ఆ జబ్బు మొత్తాన్నీ ఒకే ప్రశ్న కిందికి కుదించేశారు. పిల్లలు పుడతారా, పుట్టరా? మందులు మింగగా మింగగా పాప పుట్టింది. కొత్తవాడంతా పేడాలు పంచారు, పాత రిపోర్టులు అటకెక్కాయి. ఆ రోజు నుంచి పీసీఓఎస్ అన్న మాటే ఆ ఇంట్లో మళ్లీ వినబడలేదు.

"కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చిందా?"

"వచ్చింది. కాన్పయినంక పోయింది. అన్నీ పోయినయి మేడం, బిడ్డ పుట్టింది గదా."

గ్రేస్ కలం పక్కన పెట్టింది. "నవనీతా, బిడ్డ పుట్టుడు వేరే, పీసీఓఎస్ పోవుడు వేరే. అది నీతోనే ఉన్నది. నువ్వు దాన్ని చూసుడు మానేసినవ్, గంతే."

లింగమ్మ కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుంది. ఆమెకు అక్షరాలు పెద్దగా రావు గానీ వినడం వచ్చు. మనుషులు చెప్పేది చివరిదాకా వినడం ఎంత కష్టమో మనకందరికీ తెలుసు. ఆ పని లింగమ్మ అవలీలగా చేస్తుంది.

"ఈ పీసీఓఎస్ ఉన్నోళ్లల్ల శానమందికి ఒంట్లె సన్నటి మంట ఒకటి ఎప్పటికీ ఉంటది," అంది గ్రేస్. "జరమొచ్చినప్పుడు, దెబ్బ తాకినప్పుడు వచ్చే మంటసొంటిదే. గాకపోతే అది వచ్చి పోతది, ఇది పోదు. పైకి తెల్వదు. రక్తం పారే నాళాల లోపలి గోడను అది మెల్లగ గరుకు చేస్తది. ఆ గరుకు మీద కొవ్వు పట్టుకుంటది. దానికి షుగర్, బీపీ తోడైతే గుండెకు ముప్పు పెరుగుతది. అందరికి గుండె జబ్బు వస్తదని కాదు నేను చెప్పేది. మిగతోళ్ల కంటె జర ముందుగాల, జర ఎక్కువ జాగ్రత్త పడాలని."

"అంటే డాక్టరమ్మా," అంది లింగమ్మ నెమ్మదిగా, "పడుగు పోగు లోపల లోపల అరుగుతాంది. పైకి రంగు మంచిగనే కొడ్తాంది."

"అంతే పెద్దమ్మా. నేను ఇంత సేపు చెప్పింది నువ్వు ఒక్క మాటల చెప్పినవ్."

నవనీత మాత్రం ఇంకా గ్యాసు దగ్గరే ఆగి ఉంది. "గుండె నొప్పైతే ఛాతీల రావాలె గదా మేడం? నాకు దవడల వచ్చింది."

"ఛాతీలనే రావాలని లేదు. ఆడోళ్లకు దవడల వస్తది, వీపుల వస్తది, ఊకెనే అలుపొస్తది, వాంతొచ్చినట్టయితది. గ్యాసని సోడా తాగి పండుకుంటరు. నీ ఒంట్లె మంట ఎంతున్నదో చూపించే రక్త పరీక్ష ఒకటున్నది. అది ఎక్కువనే వచ్చింది. జలుబు చేసినా అది పెరుగుతది గనుక దాన్నొక్కదాన్నే పట్టుకొని నేనేం తేల్చ. గని బీపీ, షుగర్, కొవ్వు, అన్నీ ఒక్క దిక్కే చూపిస్తానయి." గ్రేస్ ఆగి సూటిగా చూసింది. "ఒక్కటి నిజం చెప్పు. ఈ అలుపు ఎప్పటి సంది?"

"నాలుగైదు దినాలాయె."

"కాదు," అంది లింగమ్మ.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"దసరా సంది డాక్టరమ్మా. నేను సూస్తనే ఉన్న."

ఇప్పుడు శివరాత్రి దగ్గర పడుతోంది. లింగమ్మ తన రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని, వాటినే చూస్తూ మాట్లాడింది. ఆ చేతుల వేళ్ల కణుపులు పంజా పట్టీ పట్టీ కాయలు కాసి ఉన్నాయి.

"పక్కపక్కన కూసుంటం గదా. ఆమె దెబ్బ పల్సబడ్డది. మొదలు నేను పోరికి నిద్ర సాలుత లేదనుకున్న. తర్వాత బెత్తెడు నేసుడు, నీళ్లకని లేసుడు. గోడకు ఆనుకొని నిలవడ్తది, మళ్ల వచ్చి కూసుంటది. ఆమె లేసినప్పుడల్ల నేను ఆమె దిక్కు జరిగి, ఆమె నేసిందాన్ని మళ్లొక్కసారి గట్టిగ కొడ్తుంటి. వదులు కనపడొద్దని. ఆమెకు తెల్వదు. ఇంట్ల ఎవ్వలకు తెల్వదు."

ప్రపంచంలో కోడలి పనిలో తప్పులు వెతికే అత్తలను చూశాం, వెతికి పదిమందికీ చెప్పే అత్తలను ఇంకా ఎక్కువగా చూశాం. తప్పును దాచి దాని మీద తన చేత్తో తాను నేత బిగించిన అత్తను నవనీత ఆ నిమిషంలోనే మొదటిసారి చూసింది. ఏడుపొచ్చింది. దాని వెనకే కోపం కూడా వచ్చింది. అంత చక్కగా కప్పబట్టే కదా తను బాగానే ఉన్నానని తనే నమ్మింది.

గ్రేస్ ఎవరినీ తిట్టలేదు. "పెద్దమ్మా, నువ్వు ఇప్పుడు చెప్పకపోతే నేను మాత్రలు రాసి ఇంటికి తోలుదును," అంది. "పని చేస్తే అలుపు, ఆగితే తగ్గుడు, అదీ నాలుగు నెలల సంది. ఇది వేరే లెక్క. గుండె డాక్టరు సారు పగటి యాల్లకు వస్తరు. ఈసీజీ ఆయనకు చూపిస్త. ఇప్పుడు ఇంకోసారి రక్తం తీస్త. గుండెకు దెబ్బ తాకిందా అని చూసే పరీక్ష మొదటిది మంచిగనే ఉన్నది గని రెండోది కూడా సూడాలె. అప్పటిదాక ఇక్కడనే పండుకో."

నవనీత ససేమిరా అంది. పాప బడి నుంచి వచ్చే వేళవుతుంది, నొప్పి లేనే లేదు, ఆటో ఎక్కితే ఇల్లు ఎంతసేపు. గ్రేస్ రెండుసార్లు చెప్పింది, మూడోసారి నిట్టూర్చింది. "నీ ఇష్టంతోని పోతానవ్, నా మాట మీద కాదు. ఫోన్ పక్కనే పెట్టుకో. నొప్పి మళ్లొస్తే నాకు ఫోన్ చేసుకుంట కూసోకు, నూటెనిమిదికి చెయ్యి. మగ్గం దిక్కు మాత్రం పోకు."

రెండోసారి రక్తం ఇచ్చి బయటపడ్డారు. ఆటో ములుగు రోడ్డు దాటి పోచమ్మ మైదాన్ దాకా వచ్చింది. నవనీత మోకాలి మీద అత్త చెయ్యి ఉంది. తీసేయాలనీ అనిపించింది, పట్టుకోవాలనీ అనిపించింది. ఏదీ చేయలేదు.

ఇంట్లో తండ్రీకొడుకులు మగ్గం ముందు నిలబడి ఉన్నారు. కైలాసం మితభాషి. మాట్లాడితే ఎక్కడ ఇంకో మాట కూడా మాట్లాడాల్సి వస్తుందోనని భయపడే మనిషి. విజయ్‌కుమార్ హనుమకొండ చౌరస్తాలో సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. భార్య ముఖం చూడగానే ఎదురొచ్చి, "ఏమన్నరు?" అన్నాడు.

లింగమ్మ డాక్టరు చెప్పినదంతా పూసగుచ్చినట్టు చెప్పింది. మంట గురించి చెప్పింది, గరుకు గురించి చెప్పింది. బిడ్డ పుడితే జబ్బు పోయినట్టు కాదని చెప్పింది. విజయ్‌కుమార్ గోడకు చేరగిలబడ్డాడు. పేడాలు పంచినవాడు అతనే మరి.

"అయితే నేను కూసుంట," అన్నాడు. "మూరెడే గదా. చిన్నప్పుడు నేర్పిన్రు."

అందరూ అతని వేళ్ల వైపు చూశారు. ఆ వేళ్లు ఆవగింజంత స్క్రూలు తిప్పుతాయి, ఫోను అద్దాలు ఊడదీస్తాయి. జంపఖానా మీద అతని దెబ్బ పడితే హైదరాబాదు దాకా ఎందుకు, వీధి చివరే తెలిసిపోతుంది. మంచి మనసుతోనే అన్నాడు గనుక ఎవరూ నవ్వలేదు.

"నేనే కూసుంట," అంది నవనీత.

"డాక్టరు వద్దన్నది," అన్నాడు విజయ్‌కుమార్.

"నేను మెల్లగ కొడ్త. ఎట్లనో అత్తమ్మ మళ్ల కొడ్తది గదా." ఆ మాట అనుకున్నదాని కన్నా పదునుగా వచ్చింది. ఇక ఆపుకోలేకపోయింది. "ఎందుకు దాసినవ్ అత్తమ్మా? నాకొక్క మాట చెప్తే ఏంబోవు? నాలుగు నెలలు నా దెబ్బలు గూడ నువ్వే కొట్టుకుంటొచ్చినవ్. నేను మంచిగున్ననని నేను మురుసుకుంటున్న."

లింగమ్మ అరుగు అంచున కూర్చుంది. చెప్పాల్సిన మాట గొంతులో సిద్ధంగానే ఉంది. అదే అబద్ధమైతే ఇంకా తేలిగ్గా వచ్చి ఉండేది.

"నీ మీద పాణంతోని చేసిన అని చెప్తే నాకు సుత మంచిగనే ఉంటది బిడ్డా," అంది. "సగం గదే. నువ్వు అలిసిపోతానవని నలుగురికి తెలిస్తే, మళ్ల నీ మీద ముచ్చట్లు పెడ్తరని. పిల్లలు కానప్పుడు ఎన్ని మాటలన్నరో నేనినలేదా? ఇంకో సగం మాత్రం నా పేరు. ఒక్కపారి నా పేరు మైకుల పిలుస్తరని ఆశపడ్డ. నీకు చెప్తే నువ్వు మగ్గం దిగుతవ్, నువ్వు దిగితే జోడీ పోతది. గందుకని నోరు మూసుకొని నీ దిక్కు కొట్టుకుంట కూసున్న. అది తప్పే. నీ దమ్ము పోతాంటే నేను గుడ్డ సూసిన."

కైలాసం తల దించుకున్నాడు. నలభై ఏళ్ల శాలువాలు ఆ క్షణంలో ఆయన భుజాల మీద బరువుగానే ఉండి ఉంటాయి.

నవనీతకు కోపం ఎటు పోయిందో తెలియలేదు. తన మనసులోని రెండు సగాలనూ అలా విడదీసి, అందులో మంచిది కాని సగాన్ని కూడా కోడలి చేతిలో పెట్టగల మనిషి ఎంతమందికి అత్తగా దొరుకుతుంది? ఈమెకు పేరు రావాలి. రావాల్సిందే. నవనీత మనసు అప్పుడు గట్టిపడింది, పొరపాటు వైపే గట్టిపడింది.

"అందుకే నేను ముగిస్త అత్తమ్మా," అంది. "నీ పేరు పిలవాలె. నేను ఇనాలె."

ఎవరూ ఆపేలోగా మగ్గం గుంటలో కాళ్లు పెట్టి తన చోట కూర్చుంది. పేక అందుకుంది. పంజా ఎత్తి కొట్టింది. ఒకటి, మరొకటి. మూడో దెబ్బకే భుజం నుంచి దవడ దాకా ఏదో లాగినట్టయింది. పైకి తెలియనివ్వలేదు. కానీ పక్కన నాలుగు నెలలుగా ఆ దెబ్బలనే వింటున్న చెవులు ఉన్నాయి, వాటికి తెలియకుండా పోదు.

లింగమ్మ లేచింది. పక్కన వచ్చి కూర్చుంటుందనుకుంది నవనీత. కూర్చోలేదు. లోపలికి వెళ్లింది. నీళ్లు తేవడానికి అనుకున్నారందరూ. తిరిగి వచ్చినప్పుడు ఆమె చేతిలో చెంబు లేదు. నూలు కోసే పెద్ద కత్తెర ఉంది.

ఆ ఇంట్లో సగం నేసిన గుడ్డను ఎన్నడూ కోయలేదు. కైలాసం తండ్రి చనిపోయిన రోజు కూడా మగ్గం మీద తెల్ల గుడ్డ కప్పారు, పదకొండో రోజు తీసి మిగిలింది నేశారు. పడుగు మధ్యలో కోస్తే ఇంటికి అరిష్టమని లింగమ్మే కోడలికి చెప్పింది, కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు.

"పంజా కింద పెట్టు," అంది లింగమ్మ.

"అత్తమ్మా, మూరెడే..."

"పెట్టు బిడ్డా."

వంగి, తన వైపు నుంచే మొదలుపెట్టింది. బిగించి ఉన్న పడుగు కత్తెర తగలగానే టపటపా తెగి వెనక్కి ఎగిరింది. ఎరుపు తెగింది, నీలం తెగింది. కైలాసం "లింగమ్మా" అని ఒక అడుగు ముందుకు వేశాడు. ఎన్నేళ్లకో భార్యను పేరు పెట్టి పిలిచాడు. ఆమె ఆగలేదు, వేగిరపడనూ లేదు. ఆ చివరి నుంచి ఈ చివరిదాకా, కోడలి మోకాళ్ల ముందుదాకా, పోగులన్నీ తెగేవరకూ కోసింది. కొస అంచు లేని జంపఖానా వదులై గుంటలోకి వాలింది. ఇక దాని మీద కూర్చోవడానికి ఎవరికీ ఏమీ మిగల్లేదు.

నవనీత రెండు చేతులతో ఆ తెగిన పోగులు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. లింగమ్మ కళ్లు మాత్రం పొడిగా ఉన్నాయి. చీర మీద పడిన దారపు ముక్కలను ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది.

"ఇంకో పడుగు ఎక్కించొచ్చు," అంది. "పోటీ వచ్చే ఏడు సుత పెడ్తరు. లే, లోపల పండుకో."

అప్పుడే గూట్లో ఫోన్ మోగింది. విజయ్‌కుమార్ చూసి భార్యకు ఇచ్చాడు. గ్రేస్ మేడం. నవనీత కళ్లు తుడుచుకుని స్పీకర్ నొక్కింది.

"నవనీతా, సారు నీ ఈసీజీ చూసిన్రు. రెండోసారి తీసిన రక్తం రిపోర్టు గూడ వచ్చింది." పొద్దున నింపాదిగా మాట్లాడిన గొంతు కాదది. "మొదలు నేనడిగింది చెప్పు. నీ పక్కన ఎవరున్నరు?"

లింగమ్మ కత్తెర కింద పెట్టింది. మగ్గం గుంటలో కాళ్లు దింపి, నలభై ఏళ్లుగా కూర్చున్న తన చోటనే కోడలిని ఆనుకుని కూర్చుంది. ఆమె చేతిలోంచి ఫోన్ తీసుకుని తన నోటి దగ్గర పెట్టుకుంది.

"నేనున్న డాక్టరమ్మా," అంది. "చెప్పు."